రెండు తప్పులు పెట్టడం మర్చిపోయాను

మన్సూరాబాద్‌లో మా స్కూలు గేటు మీద 'ఇంగ్లీష్ మీడియం' అని రాసి ఉంటుంది. ఆ బోర్డులో అబద్ధమేమీ లేదు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి, పరీక్షలు ఇంగ్లీషులో ఉంటాయి, చివరికి పిల్లలకు ఇచ్చే పనిష్మెంటు కూడా ఇంగ్లీషులోనే ఉంటుంది. పాఠం మాత్రం తెలుగులో చెబుతాం. నేను పదిహేడేళ్లుగా సోషల్ చెబుతున్నాను. పుస్తకంలోంచి ఒక వాక్యం ఇంగ్లీషులో చదువుతాను. "అంటే ఏంటి?" అని నన్ను నేనే అడుగుతాను. తర్వాత పావుగంట తెలుగులో కథలా చెప్పి, చివర "అండర్‌స్టాండ్?" అంటాను. పిల్లలు "ఎస్ మేడం" అంటారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది నిరుడు ఎండలు ముదరకముందు వచ్చింది. మా ప్రిన్సిపాల్ గారు, అంటే స్కూలు ఓనరు కూడా ఆయనే, ఒక సాయంత్రం ఎనిమిదిమంది టీచర్లనీ కూర్చోబెట్టారు. "ఇంగ్లీషును రెండో భాష లెక్క ఎట్ల నేర్పాలె అని ఆన్‌లైన్ల ఒక కోర్సున్నది. అందరు చెయ్యాలె. సర్టిఫికెట్ ఒస్తది," అన్నారు. మేము మొహమొహాలు చూసుకున్నాం. "పక్క గల్లీ స్కూలోళ్లు ఆల్రెడీ చేసిండ్రు," అని కలిపారు. అదీ అసలు సంగతి.

కోర్సులో ముప్పై రెండు వీడియోలు. వీడియో పూర్తిగా ఆడితేగానీ 'నెక్స్ట్' అనే బటన్ వెలగదు. దానికి మేము ఒక పద్ధతి కనిపెట్టాం. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఎనిమిది ఫోన్లనీ ఎనిమిది టిఫిన్ డబ్బాలకు ఆనించి, సౌండు తీసేసి, వీడియో పెట్టేసేవాళ్లం. మేము పప్పన్నం కలుపుకుంటుంటే వీడియోలో తెల్లచొక్కా ఆయన ఎనిమిది ఫోన్లలోనూ చేతులు ఊపుతూ ఏదో చెప్పేవాడు. పాపం చాలా కష్టపడి చెప్పేవాడు. నాకు ఆయన మీద జాలేసేది, కానీ సౌండు మాత్రం పెట్టలేదు.

మరి వీడియో కింద ప్రశ్నలకు జవాబులు ఎలా? దానికి మా సైన్స్ మేడం ఉంది. తెనాలి వైపు మనిషి, ఏ పనికైనా ఒక ప్లాను వేస్తే తప్ప నిద్రపట్టదు. "అందరూ అన్నీ చూడటం దేనికండీ? తలా నాలుగు పాఠాలు పంచుకుందాం. ఎవరి వాటా జవాబులు వాళ్లు గ్రూపులో పెట్టేయండి," అంది. అలా మా వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్య ఒకటికి బి, రెండుకి డి, మూడుకి ఎ అంటూ జవాబులు రాలడం మొదలైంది. ఫైనల్ పరీక్షకు ముందు ఆవిడే ఇంకో మాట చెప్పింది. "ఏవండీ, అందరికీ నూటికి నూరొస్తే అనుమానం రాదూ? తలా రెండు తప్పులు పెట్టండి. అందరూ ఒకేచోట కాదు, ఎవరికి వాళ్లు వేరే చోట." ఎంత ముందుచూపో చూడండి. మేమందరం బుద్ధిగా తలూపాం.

పరీక్ష రోజు నేను ఒక చేత్తో పోపు వేస్తూ ఇంకో చేత్తో ఫోన్ నొక్కుతున్నాను. ఆవాలు చిటపటమంటున్నాయి, అప్పుడే గ్యాస్ అబ్బాయి తలుపు కొట్టాడు. గ్రూపులో ఉన్నది ఉన్నట్టు నొక్కేసి, 'సబ్మిట్' కొట్టేసి తలుపు తీశాను. రెండు తప్పులు పెట్టడం మర్చిపోయాను.

మిగతా ఏడుగురికీ తొంభై ఆరు. నాకు నూరు.

వారం తిరక్కుండా స్కూలు గేటు పక్కన ఫ్లెక్సీ లేచింది. నిలువెత్తు నేను. ఫోటో ఏదో పెళ్లి గ్రూపు ఫోటోలోంచి కత్తిరించింది, భుజం మీద ఎవరిదో చెయ్యి ఇంకా ఉంది. కింద పెద్ద అక్షరాలతో 'ఇంటర్నేషనల్ ట్రెయిన్డ్ ఇంగ్లీష్ ఎక్స్‌పర్ట్, అడ్మిషన్స్ ఓపెన్' అని. అలాంటిదే ఇంకోటి ఎల్బీ నగర్ వైపు తిరిగే మలుపులో కట్టారు. మా ఆయన బండి మీద వెళ్తూ చూసి, మలుపులోనే ఆపి, నాకు ఫోన్ చేశాడు. "ఏమోయ్, ఇక్కడ నిలబడింది నువ్వేనా?" అన్నాడు. అవునన్నాను. ఫోన్‌లో వెనక బండ్ల హారన్లు వినిపించాయి. తర్వాత "కంగ్రాట్స్" అన్నాడు, అదీ ఇంగ్లీషులో.

నిజం చెప్పొద్దూ, మొదటి రెండు మూడు రోజులు నాకు బాగానే ఉంది. కూరగాయల బండి ఆయన గుర్తుపట్టి కొత్తిమీర కొసరు వేశాడు. సైన్స్ మేడం మాత్రం నాతో మాట్లాడటం మానేసింది. "చెప్పిన మాట వినకపోతే ఎలాగండీ," అని ఒక్క ముక్క అని ఊరుకుంది. ఆవిడ కోపంలో న్యాయముంది.

ఆ శనివారం సాయంత్రం ఒకామె మా ఇంటికొచ్చింది. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. నీలం రంగు యూనిఫాం చీర, మెడలో ఐడీ కార్డు. మెట్లెక్కి వచ్చేసరికి నడుం మీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకుంది.

"ఫ్లెక్సీ మీద మీ బొమ్మ చూసి, స్కూల్ల ఇల్లు అడిగి ఒచ్చిన మేడం. నాకు ఇంగ్లీష్ నేర్పుండ్రి," అంది.

కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో ఒక దవాఖానాలో ఆయాగా చేస్తోంది. పదకొండేళ్లు స్ట్రెచర్లు తోసి, పేషంట్లను ఎత్తి దించి నడుం పాడైంది. ఇక బరువు ఎత్తకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడట. ఎత్తకపోతే ఆయా పని లేదు. అదే దవాఖానాలో రిసెప్షన్‌లో ఒక సీటు ఖాళీ అయింది. ఆమె పది పాసయింది, కంప్యూటర్‌లో పేరు కొట్టడం కూడా నేర్చుకుంది. ఇంటర్వ్యూ మాత్రం ఇంగ్లీషులో.

"నలభై దినాలున్నది. సీట్ల కూసుంటనా, ఇంట్ల కూసుంటనా, గంతే," అంది.

ఆ క్షణంలో నేను చెప్పి ఉండాల్సింది. అమ్మా, ఆ ఫ్లెక్సీ ఉత్తదే, ఆ నూరు మార్కులు వాట్సాప్ గ్రూపువి అని. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె నా వైపు చూస్తున్న చూపు చూసి, "సోమవారం నుంచి ఆరింటికి రా," అన్నాను. నా జీవితంలో నేను చేసిన పిరికి పనుల్లో అది మొదటి వరసలో ఉంటుంది.

ఆదివారం తెల్లవారుజాము నుంచి నేను కూడా ఇంగ్లీషు నేర్చుకోవడం మొదలుపెట్టాను.

అప్పుడు తెలిసింది ఈ ఫోన్‌లో ఎంత ఉందో. ఇంగ్లీషు నేర్పేవాళ్లు ఇన్ని దేశాల్లో ఇంతమంది ఉన్నారా అనిపించింది. ఒకాయన కారు నడుపుతూ నేర్పుతాడు. ఒకావిడ మంచు కురుస్తుంటే టోపీ పెట్టుకుని నేర్పుతుంది. ఒక సైట్లో వర్క్‌షీట్లు ఉచితం, ఇంకోదాంట్లో వినే పాఠాలు ఉచితం. ఒక యాప్‌లో మనం మాట్లాడితే ఆకుపచ్చ గీతో ఎర్ర గీతో వస్తుంది, తప్పయితే ఒక బొమ్మ మొహం వేలాడేస్తుంది. ఇడ్లీ పిండి వేస్తూ చెవుల్లో తీగలు పెట్టుకుని వాళ్లు అన్నదల్లా తిరిగి అనేదాన్ని. మా ఆయన రెండుసార్లు వంటింట్లోకి తొంగి చూసి, నేను ఇడ్లీ పాత్రతో "నైస్ టు మీట్ యూ" అంటుండటం విని, చప్పుడు చేయకుండా వెళ్లిపోయాడు.

తెల్లవారుజామున నేర్చుకున్నది సాయంత్రం ఆమెకు నేర్పేదాన్ని. నా పాండిత్యం ఆమె కంటే సరిగ్గా పన్నెండు గంటలు ముందుండేది. ఆమె ఏదైనా డౌటు అడిగితే, "అది రేపటి పాఠంలో వస్తుంది," అనేదాన్ని. టీచరుగా పదిహేడేళ్లలో నేను బాగా నేర్చుకున్న వాక్యం అది.

కష్టమేమిటంటే, ఆ వీడియోల్లో జనం అందరూ సుఖంగా ఉంటారు. మీకు ఏ సీజన్ ఇష్టం అంటారు, వారాంతంలో కొండలెక్కారా అంటారు, కాఫీలో పాలెన్ని అంటారు. ఒకరోజు ఇష్టమైన సీజన్ గురించి ఆమె చేత పదిసార్లు చెప్పించాక, ఆమె నోట్సు మూసి నా మొహం చూసింది.

"మేడం, మా దవాఖానల గీ ముచ్చట ఎవలడుగుతరు? డాక్టర్ ఎప్పుడొస్తడు, స్కానింగ్ ఏ ఫ్లోర్ల ఉన్నది, మా మనిషికి ఎట్లున్నది, గివే అడుగుతరు."

ఆ ఆదివారం పట్టుబట్టి వెతికాను. చివరికి రిసెప్షనిస్టుల కోసమే తయారుచేసిన పాఠాలు దొరికాయి, కాకపోతే హోటల్ రిసెప్షనిస్టులకు. పర్వాలేదనుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి కోచింగ్ సెంటర్ల గల్లీలో ప్రింట్లు తీయించాను. జిరాక్స్ షాపు ఆయన నా చేతిలో కాగితాల కట్ట చూసి, "గ్రూప్స్‌కు ప్రిపేర్ అయితున్నరా మేడం?" అన్నాడు. ఆ వయసులో నన్ను అలా అనుకున్నందుకు మనసులోనే దండం పెట్టాను.

ఆ కాగితాల మీద మేమిద్దరం పెన్నుతో పడ్డాం. 'రూము' కొట్టేసి 'వార్డు' అని రాశాం. 'గెస్టు' కొట్టేసి 'పేషంటు' అని రాశాం. 'ఈ గదిలోంచి సముద్రం కనిపిస్తుందా?' అన్న ప్రశ్న దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఆమె కాసేపు ఆలోచించి, "ఫ్యానున్నదా అని రాద్దాం," అంది. ఇద్దరం కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాం.

తర్వాత నాటకం వేసేవాళ్లం. నేను పేషంటు తాలూకు మనిషిని, ఆమె రిసెప్షన్. నేను మర్యాదగా "ఎక్స్‌క్యూజ్ మీ" అంటూ మొదలుపెట్టాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "గట్ల ఎవలు రారు మేడం. మీరు ఇటు కూసోండ్రి, నేను చూపిస్త," అని లేచి, తలుపు బయటికి వెళ్లి, ధడాలున తోసుకుని వచ్చి, టీపాయ్ మీద గట్టిగా చరిచి, వచ్చిన ఇంగ్లీషంతా కలిపి నా మీదకు అరిచింది. ఒక్క ముక్క నోట రాలేదు. రిసెప్షన్‌లో కూర్చోవడం అంత తేలిక కాదని అప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి ఒప్పుకుంటాను. ఎర్ర గీత, ఆకుపచ్చ గీత యాప్ ఒకటి చెప్పాను కదా. నేను నాలుగు రోజులు అరిచినా ఎర్రగానే ఉన్న ఒక వాక్యం, ఆమె చెప్పగానే ఆకుపచ్చగా వెలిగింది. "ఈ ఫోను ఈ మధ్య సరిగ్గా పనిచేయట్లేదు," అన్నాను. ఆమె ఫోను వంకా నా వంకా చూసింది. చిన్నగా నవ్వింది. నాకు ఒళ్లు మండింది, తన దగ్గర నేర్చుకునేవాళ్ల మీద అసూయపడే టీచరు ఉంటుందని ఎవరైనా అంటే నేను నమ్మేదాన్ని కాదు.

ఇంటర్వ్యూ ఇక నాలుగు రోజులుందనగా, వెళ్లేముందు చెప్పులేసుకుంటూ ఆమె అంది. "మేడం, మీ సర్టిఫికెట్ జిరాక్స్ ఒకటి ఇయ్యుండ్రి. మా మేనేజర్ సార్‌కు చూపెడ్త. గింత పెద్ద మేడం దగ్గర నేర్చుకున్న అని చెప్త."

ఇక దాచలేకపోయాను. లోపలికి రమ్మని కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను. ఎనిమిది ఫోన్లు, టిఫిన్ డబ్బాలు, సైన్స్ మేడం ప్లాను, నేను మర్చిపోయిన రెండు తప్పులు, తెల్లవారుజామున ఇడ్లీ పాత్ర దగ్గర నేర్చుకుని సాయంత్రం ఆమెకు చెప్పిన పాఠాలు. చెబుతుంటే కథలో నవ్వొచ్చే చోట్లు చాలానే ఉన్నాయి. ఆమె ఒక్కచోట కూడా నవ్వలేదు.

"అంటె మీకు ఇంగ్లీష్ రాదు," అంది.

"కొంచెం వచ్చు. నీకు చెప్పినంత వచ్చు."

"మా దవాఖానల ఎవలన్న తప్పు సూది ఏసి చెప్పకుంటె ఏం జేస్తరో తెలుసా మేడం? అదే పూట ఇంటికి పంపుతరు." ఆమె లేచి నిలబడింది. "నడుం గుంజుతున్నా మీ మెట్లెక్కి ఒచ్చిన. డ్యూటీలు మార్చుకొని ఒచ్చిన. మీరు మొదటి దినమే చెప్తె ఇంకెవల్నన్న చూసుకుందు కద."

ఆమె ఒక చెయ్యి రెయిలింగు మీద, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ రాత్రంతా నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు సాయంత్రం ఆరింటికి కుర్చీలు వేసి కూర్చున్నాను. రాలేదు.

ఆ మర్నాడు, నా మీద నాకొచ్చిన కోపం ప్రిన్సిపాల్ గారి మీద తీర్చుకోబోయాను. వెళ్లి, ఆ ఫ్లెక్సీలు తీసేయండి, నేను నిజంగా చదివి పాసవ్వలేదు అని చెప్పాను. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "ఎవలు చదివిండ్రు మేడం? అడ్మిషన్లు అయ్యేదాంక జర ఊకోండ్రి," అని టీ తెప్పించారు. ఆ టీ తాగలేకపోయాను. ఆ సాయంత్రమే మలుపు దగ్గరికెళ్లి, కూరగాయల కత్తితో తాళ్లు కోసి, నన్ను నేనే మడతపెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. గేటు దగ్గరది మాత్రం వాచ్‌మన్ కోయనివ్వలేదు.

ఇంటికొచ్చేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది.

"రెండు దినాలున్నయి," అంది, నేను నోరు తెరవకముందే. "గీ రెండు దినాలల్ల కొత్త టీచర్ను యాడ తేవాలె? కూసుందాం. కానీ ఒక్క మాట మేడం. మీకు ఒచ్చింది ఒచ్చిందని చెప్పుండ్రి, రానిది రాదని చెప్పుండ్రి. రేపు చెప్త అనొద్దు."

సరేనన్నాను. అన్నానే గానీ, పదిహేడేళ్ల అలవాటు ఊరికే పోతుందా. ఆమె మొదటి డౌటు అడగ్గానే నా నాలుక "అది రేపటి పాఠంలో..." దాకా వెళ్లి ఆగింది. "నాకు తెలీదు," అన్నాను.

"ఇంగ్లీష్‌ల చెప్పుండ్రి," అంది ఆమె.

"ఐ డోంట్ నో. ఐ విల్ ఫైండ్ అవుట్ అండ్ టెల్ యూ," అన్నాను.

ఫోన్ తీసి ఇద్దరం వెతికాం. తలలు రెండూ ఒకే తెర మీద వంచి, ఆ కారులో ఆయన చెప్పింది విని, మంచులో ఆవిడ చెప్పింది విని, ఇద్దరికీ అర్థమైందాకా ముందుకు కదల్లేదు. ఆ రెండు సాయంత్రాల్లో ఆ వాక్యం నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. మొదట సిగ్గేసింది, తర్వాత అలవాటైంది, చివరికి హాయిగా అనిపించింది. నలభై రోజుల్లో నేర్చుకోనిది ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నామంటే అతిశయోక్తి కాదు. ఆమె నేర్చుకుందో లేదో గానీ నేను మాత్రం నేర్చుకున్నాను.

ఇంటర్వ్యూ రోజు నాకు క్లాసులో కాలు నిలవలేదు. ఏడో తరగతికి ఎనిమిదో తరగతి పాఠం చెప్పాను. సాయంత్రం ఆరు దాటింది, ఏడు దాటింది, ఫోన్ రాలేదు. చేయడానికి నాకు ధైర్యం చాల్లేదు. మర్నాడూ రాలేదు. పోయినట్టుంది, నా వల్లే పోయింది అనుకున్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆ మర్నాడు సాయంత్రం మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒక్క మనిషివి కాదు. తలుపు తీస్తే ఆమె, ఆమె వెనక నీలం చీరల్లో ఇంకో ఇద్దరు ఆయాలు. ఆమె చీర మాత్రం నీలం కాదు. రిసెప్షన్ వాళ్లు కట్టే క్రీము రంగు చీర.

నేను అడిగేలోపే ఆమే చెప్పింది. మేనేజరు పేరూ ఊరూ అడిగాడు, చెప్పింది. స్కానింగ్ ఎక్కడో అడిగాడు, చెప్పింది. తర్వాత ఇన్సూరెన్స్ గురించి ఏదో పెద్దగా అడిగాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"అప్పుడేం చేశావు?" అన్నాను.

"మీరు రెండు దినాలు అన్నది నేను ఒక్కపారి అన్న. ఐ డోంట్ నో సార్, ఐ విల్ ఫైండ్ అవుట్ అండ్ టెల్ యూ, అన్న. పక్క రూములకు పోయి, కనుక్కొని, ఒచ్చి చెప్పిన. సార్ ఏమన్నడో తెల్సా? నా రిసెప్షన్ల తెల్వకున్నా ఏదో ఒకటి చెప్పేటోళ్లే ఉన్నరు, గిట్ల కనుక్కొని చెప్పేటోళ్లు ఒక్కలు లేరు అన్నడు. నిన్న పొద్దున్నే సీట్ల కూసోబెట్టిండ్రు మేడం. ఫోన్ చేద్దామంటె సందు దొరకలే."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా. వెనకున్న ఇద్దరూ, ఈ మేడం ఎందుకేడుస్తోందా అని ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె వాళ్ల వైపు తిరిగి, నా భుజం మీద చెయ్యి వేసి నన్ను పరిచయం చేసింది.

"గీ మేడంకు ఇంగ్లీష్ రాదు," అంది. "మనకు ఒచ్చేదాంక మాత్రం మనతోని కూసుంటది."

ఇంట్లో కుర్చీలు రెండే ఉన్నాయి. చాప తెచ్చి పరిచి, నేనూ కిందే కూర్చున్నాను.